బడి చుట్టూ 50 మీటర్లు.. రూల్ ఉంది, టేపు పట్టేదెవరు?

నెల్లూరు నుంచి మైపాడు, ముత్తుకూరు, అల్లూరు వైపు ఎటు వెళ్లినా చాలా బడుల ముందు ఒకటే దృశ్యం. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే పిల్లలు గేటు పక్క అంగడి దగ్గర మూగుతారు. దండల్లా వేలాడే ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్లు, రంగు రంగుల జెల్లీలు, చిన్న కూల్ డ్రింక్ బాటిళ్లు నిమిషాల్లో ఖాళీ అవుతాయి. బడుల్లో జంక్ ఫుడ్ అమ్మకాలను ప్రభుత్వం కట్టడి చేయాలా వద్దా అని ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి. కాగితం మీద మాత్రం ఆ వాదన ఎప్పుడో ముగిసింది.

కేంద్ర ఆహార భద్రతా సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) 2020 సెప్టెంబర్‌లోనే దీనిపై నిబంధనలు తెచ్చింది. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న పదార్థాలను బడి క్యాంటీన్‌లో, హాస్టల్ వంటశాలలో అమ్మకూడదు. బడి చుట్టూ 50 మీటర్ల లోపల కూడా అమ్మకూడదు, ప్రచారం చేయకూడదు. ఈ సంగతి తెలిపే బోర్డు గేటు దగ్గర పెట్టాల్సింది బడి యాజమాన్యమే. ఢిల్లీ హైకోర్టులో ఒక స్వచ్ఛంద సంస్థ ఏళ్ల తరబడి నడిపిన కేసు వల్లే ఈ నిబంధనలు వచ్చాయి. అలాంటి బోర్డు తమ పిల్లల బడి దగ్గర చూసిన తల్లిదండ్రులు ఎంతమంది?

లోపం ఎక్కడ?

మొదటి లోపం నిబంధనల్లోనే ఉంది. ఉప్పు, చక్కెర 'ఎక్కువ' అంటే ఎంత? ఆ అంకె అందులో లేదు. అంకె లేకపోతే ఇన్‌స్పెక్టర్ ఏ ప్యాకెట్‌ను పట్టుకోవాలి? చిలీ దేశం 2016లో ముందు అంకె తేల్చింది. పరిమితి దాటిన ప్యాకెట్ల మీద నల్ల గుర్తు వేయించి, ఆ గుర్తు ఉన్నవాటిని బడుల్లో అమ్మకుండా ఆపింది. మన దగ్గర ప్యాకెట్ ముందు హెచ్చరిక లేబుల్ గురించి తేల్చమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో కేంద్రానికి మూడు నెలల గడువు ఇవ్వాల్సి వచ్చింది.

రెండోది పన్నుల లెక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీమ్‌ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. నమ్కీన్, నూడుల్స్ మీద 12 నుంచి 5కు తగ్గింది. కూల్ డ్రింకులకు మాత్రం 40 శాతం వేశారు. ఐదు రూపాయల ప్యాకెట్‌కు ధర తగ్గించడం కుదరదు కాబట్టి కొన్ని కంపెనీలు బరువు పెంచాయి. అంటే అదే ఐదు రూపాయలకు పిల్లాడి చేతికి ఇంకాస్త ఎక్కువ వస్తుంది. ఒక శాఖ వద్దంటుంటే ఇంకో శాఖ చవక చేస్తోంది.

అంగడి మాటేంటి?

బడి ముందు బంకు పెట్టుకునేది పెద్ద వ్యాపారులు కాదు. వాళ్లలో ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు ఉంటారు. మన బస్తీల్లో ఖాలాలు, నానీలు కూడా ఉంటారు. రూల్ పేరుతో ముందు వాళ్ల బంకు లేపేస్తే కంపెనీకి నష్టమేమీ లేదు, పోయేది వాళ్ల పొట్టకూడే. వీధి వ్యాపారుల జీవనోపాధికి 2014 చట్టం రక్షణ ఇచ్చింది. కాబట్టి మనిషిని కాకుండా సరుకును మార్చాలి. ఉడికించిన శనగలు, వేరుశనగ చిక్కీ, జామకాయలు, సీజన్‌లో తేగలు, ముంజలు ఐదు, పది రూపాయలకు అమ్మొచ్చు. అయితే ప్యాకెట్ నెలలు నిలవుంటుంది, జామకాయ రెండు రోజులకే మెత్తబడుతుంది. ఆ నష్టం భరించడానికి మెప్మా, డ్వాక్రా సంఘాల ద్వారా చిన్న రుణమో సరఫరానో కావాలి.

బడిలో పెట్టేది సరిపోదా అనొచ్చు. ప్రభుత్వ బడుల్లో డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం కింద గుడ్లు, చిక్కీ, రాగిజావ ఇస్తున్నారు. ప్రైవేటు బడుల పిల్లలకు అదీ లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి పిల్లల కడుపు చిప్స్‌తో నిండితే అన్నం పళ్లెంలోనే మిగిలిపోతుంది.

ఇంట్లో మనం ఏం చేయాలి?

ప్యాకెట్ మీద హలాల్ గుర్తు ఉందా అని వెతికే తల్లిదండ్రులు చాలామందే. కానీ ఖురాన్ హలాల్‌తో పాటు 'తయ్యిబ్' అని కూడా అంటుంది. అంటే శుభ్రమైనది, ఒంటికి మేలు చేసేది. ఆ రెండో మాట దగ్గరే మనం జారిపోతున్నాం. సాయంత్రం అరబీ చదువుకు వచ్చే పిల్లల చేతుల్లోనూ అవే ప్యాకెట్లు. మక్తబ్‌లో ప్యాకెట్లు వద్దని మసీదు కమిటీ అనడానికి ఏ జీవో అక్కర్లేదు.

కట్టడి కావాల్సిందే. కానీ అది అంకెతో మొదలవ్వాలి, బడి యాజమాన్యాన్ని బాధ్యుల్ని చేయాలి, అంగడి అవ్వకు దారి చూపాలి. ఈసారి మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌కు పిలిచినప్పుడు అమ్మీ, అబ్బా మార్కుల గురించి మాట్లాడాక ఒక్క ప్రశ్న అడిగితే చాలు: "సార్, గేటు దగ్గర ఆ బోర్డు ఏదీ?"