గంటలు ఎవరి ఖాతాలో?

హెలికాప్టర్ పైలట్‌కు లాగ్‌బుక్కే ఆస్తి. ‘పైలట్ ఇన్ కమాండ్’ గడిలో నమోదయ్యే గంటలను బట్టే లైసెన్సు, ఉద్యోగం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల ప్రకారం కమర్షియల్ లైసెన్సుకు అటువంటి గంటలు 35 ఉండాలి. ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకు 250. అయితే వీటిలో 70 స్వయంగా పూర్తిచేస్తే, మిగిలినవి కెప్టెన్ పర్యవేక్షణలో కమాండర్ విధులు నిర్వర్తించి సంపాదించవచ్చు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక్క పైలట్ చాలునని ధ్రువీకరించిన హెలికాప్టర్‌లో, ప్రభుత్వ ఆదేశం మేరకు కో-పైలట్‌గా కూర్చున్నవారికి పై లైసెన్సు కోసం ఆ సమయంలో సగానికి మించి జమకాదు. అదే సమయం ‘పర్యవేక్షణలో కమాండ్’గా మారితే పూర్తిగా దక్కుతుంది. తేడా అల్లా ఒక సంతకం! ఎగరని గంటలను ఎగిరినట్లు రాశారన్న ఆరోపణపై రాజస్థాన్‌లో 2011లో అరెస్టులు జరిగిన దేశంలో ఇది చిన్న విషయం కాదు.

2025 జూన్ 15న గౌరీకుండ్ వద్ద కూలిన కేదార్‌నాథ్ హెలికాప్టర్‌లో ఏడుగురు మరణించారు. వారిలో పైలట్ ఒక్కరే. అటువంటి లోయల్లో సరిదిద్దే రెండో చేయి ఉండదు.

కనుక విమానయాన డైరెక్టరేట్ ప్రతి దరఖాస్తులోని గంటలనూ హెలికాప్టర్ సాంకేతిక రికార్డుతో సరిపోల్చాలి. యంత్రం ఎగిరిందీ లేనిదీ దానిలో తేలుతుంది. ఎవరు నడిపారో చెప్పవలసింది మాత్రం సంతకం చేసిన కెప్టెనే. అది అబద్ధమని రుజువైతే ఆయన లైసెన్సు కూడా రద్దు కావాలి.