ముందు డబ్బు అడిగే బేరగాడు

పట్నములో ఉద్యోగము చేయుచున్న మన బిడ్డలను "మీకు బహుమతి వచ్చినది, దంపతులుగా రండి" అని హోటలుకు పిలిచి, గంటల తరబడి కూర్చోబెట్టి టైమ్‌షేర్ అమ్ముచున్నారు. ఏటా కొన్ని దినములు విహారస్థలములో గది వాడుకొను హక్కు అది. ధర లక్షలలో ఉండును, కట్టుట వాయిదాలలో. తీరా కోరిన తేదీకి గది దొరకదు, లేదా మనకు సెలవు దొరకదు. "అమ్మివేద్దాము" అనుకొన్నప్పుడు అసలు చిక్కు మొదలగును.

కొడంగల్‌లో అర ఎకరము అమ్మదలచితే పాసుపుస్తకము చూచి కొనువారుందురు. టైమ్‌షేర్‌లో సాధారణముగా చేతికి వచ్చునది భూమి కాదు, గదీ కాదు. వెళ్లినను వెళ్లకున్నను ఏటా నిర్వహణ రుసుము కట్టవలెను. పాతది కొనువాడు ఆ బరువును కూడ ఎత్తుకొనవలెను. కంపెనీయే కొత్తవి అమ్ముచుండగా పాతదానికి గిరాకి ఎక్కడిది?

"వాడుకొననిచో సొమ్ము తిరిగి ఇత్తుము" అను మాటను కూడ ఊరకే నమ్మరాదు. ముంబయికి చెందిన పాన్‌కార్డ్ క్లబ్స్ హోటల్ గదుల పేర అట్లే వసూలు చేసినది. 2016 ఫిబ్రవరిలో సెబి సుమారు 7,035 కోట్ల రూపాయలు తిరిగి చెల్లించుమని ఆజ్ఞాపించినది. అటు తరువాత కూడ సొమ్ము కట్టినవారు ఏండ్ల తరబడి ఎదురు చూడవలసి వచ్చినది.

ఇక రెండవ ఉచ్చు. "మీ టైమ్‌షేర్‌కు కొనువాడు సిద్ధముగా ఉన్నాడు, ముందు రిజిస్ట్రేషన్ ఖర్చు పంపండి" అని ఫోను వచ్చును. తాండూరు మార్కెట్ యార్డుకు కందులు తోలుకొనిపోయిన రైతును ఏ అడ్తిదారుడైనను ముందుగా డబ్బు అడుగునా? సరుకు అమ్ముడైన పిదపనే గదా లెక్క! అమ్మువానినే ముందు సొమ్మడుగు బేరగానికి ఒక్క రూపాయి కూడ ఇవ్వకండి.

మరి ఏమి చేయవలెను? మొదట ఒప్పంద పత్రము పూర్తిగా చదివించుకొనండి. పేరు మార్పు, రద్దు షరతులు అందులో చూడండి. రద్దు కోరుచు కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరము వ్రాసి, రసీదు భద్రపరచండి. జవాబు రాకముందే వాయిదాలు ఆపినచో బాకీ పెరుగవచ్చును. మోసము జరిగినదని తోచితే 1915 నంబరుకు ఫోను చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల వరకు కొనుగోలుకు ఫీజు లేదు, గాని రెండేండ్లలోపు ఫిర్యాదు చేయవలెను.

కొంత సొమ్ము పోయినను, ఏటేటా పెరుగు బాకీ నుండి బయటపడుటయే లాభమని కొందరికి తేలును. అట్టి బిడ్డను ఇంటివారు ఎత్తిపొడువక, కాగితములు ముందు పెట్టుకొని కలిసి కూర్చుండుడి. సిగ్గుపడి దాచినవాడే రెండవ ఉచ్చులో పడును.