ప్రశ్నార్థక పదమూ ఆలోచనా స్థాయీ

ఆంగ్ల పాఠ్యపుస్తకాలలోని ప్రశ్నలు విద్యార్థి ఆలోచనాశక్తిని ఎంతవరకు పెంపొందిస్తున్నాయని విచారించే పరిశోధకులు సాధారణంగా ఆశ్రయించేది బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు 1956లో ప్రకటించిన వర్గీకరణను. జ్ఞానం మొదలు మూల్యాంకనం వరకు గల ఆ ఆరు మెట్లు ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికి కంఠస్థమే. 2001లో ఆండర్సన్, క్రాత్‌వోల్ దానిని సవరించి, నామపదాల స్థానంలో క్రియాపదాలను నిలిపారు; సృజనను శిఖరాన ఉంచారు. చిక్కు ఈ పదాల దగ్గరే వస్తున్నది. ‘పేర్కొనుము’ అంటే స్మరణ, ‘ఎందుకు’ అంటే విశ్లేషణ, ‘అంగీకరిస్తావా’ అంటే మూల్యాంకనం అని ప్రశ్నలోని మాటను చూసి పట్టికలో వేసి శాతాలు కట్టడం సులభం. సులభమైనంత మాత్రాన అది ప్రమాణం కాజాలదు.

ఎన్.సి.ఇ.ఆర్.టి. 2006లో తొమ్మిదో తరగతికి వెలువరించిన ‘బీహైవ్’ వాచకంలో తొలి పాఠం ఐజాక్ అసిమోవ్ 1951 నాటి కథ ‘ది ఫన్ దే హ్యాడ్’. 2157వ సంవత్సరంలో, ఇంట్లోనే యంత్రం వద్ద చదువుకొనే 11 ఏళ్ల మార్జీ, 13 ఏళ్ల టామీ ఒక పాత అచ్చుపుస్తకాన్ని చూస్తారు. పాఠాంతంలో పిల్లల వయసు అడిగే ప్రశ్న ఉన్నది. మార్జీకి బడి అంటే ఎందుకు గిట్టదని అడిగే ప్రశ్నా ఉన్నది. పట్టిక మొదటిదానిని కింది మెట్టున, రెండవదానిని పై మెట్టున కూర్చోబెడుతుంది. కాని భూగోళంలో వరుస పరీక్షలు, నానాటికీ దిగజారే ఫలితం, ఇంటిపనిని యంత్రపు సందులో వేయవలసి రావడం – ఈ కారణాలన్నీ కథలో కంటికెదురుగానే ఉన్నాయి. వాక్యాలు ఎత్తి రాస్తే చాలు. ఇక్కడి ‘ఎందుకు’ విశ్లేషణ వేషం వేసుకొన్న స్మరణే.

నేటి బడి ఆ యంత్రపు బడికంటె ఆనందదాయకమని అంగీకరిస్తావా అన్న ప్రశ్న వేరు. దాని సమాధానం కథలో దొరకదు. తాను కూర్చున్న బడిని విద్యార్థి తానే తూచి చూచుకోవాలి. అయితే గైడులో అచ్చైన జవాబు చేతికందిన నాడు అదీ వల్లెవేతే అవుతుంది. ప్రశ్న మారలేదు, మెట్టు మారింది. ఆలోచనా స్థాయి ప్రశ్నవాక్యానికి సహజగుణం కాదు. పాఠం, ప్రశ్న, విద్యార్థికి ముందే అందినది – ఈ మూడింటి సంబంధమే దానిని నిర్ణయిస్తుంది.

దీనికి విపర్యయమూ కలదు. పస్పశాహ్నికంలో పతంజలి, ‘గౌః’ అన్నచోట శబ్దమేది అని అడిగి, ద్రవ్యం, క్రియ, గుణం, ఆకృతి అన్నవాటిని ఒక్కొక్కటిగా నిరాకరిస్తూ శబ్దస్వరూపానికి చేరుతాడు. ‘ఏది’ అన్న మాటను చూసే పట్టిక దానిని అట్టడుగునే వేస్తుంది! ఇక ఖండాన్వయంలో క్రియను పట్టుకొని కర్త ఎవరు, కర్మ ఏది అని అడిగే ప్రశ్నలు చిన్నవే, కాని అవి లేనిదే శ్లోకం విచ్చుకోదు. ఆంగ్లాన్ని పరభాషగా నేర్చే తెలుగు విద్యార్థికీ అటువంటివి కావాలి. వాటి శాతం ఎక్కువైనదని పుస్తకాన్ని నిందించే సిద్ధాంతవ్యాసాలు ఈ సంగతిని విస్మరిస్తున్నాయి.

పరిశోధనకు మార్గదర్శకత్వం వహించేవారు ప్రతి ప్రశ్న పక్కన, సమాధానమైన వాక్యం పాఠంలో ఉన్నదో లేదో చూపమని కోరవచ్చు. అదే ప్రశ్న పరీక్షాపత్రంలో యథాతథంగా వచ్చిందా అన్నదీ ఆ పట్టికలో చేరాలి.