దరువు సరే, రాగమేదీ?

ఆషాఢం వచ్చిందంటే గోల్కొండలో మొదలైన బోనాల సందడి సికింద్రాబాద్ మీదుగా మా పాతబస్తీకి చేరుతుంది. లాల్‌దర్వాజ సింహవాహిని అమ్మవారి గుడి దారంతా పసుపు, వేపాకు, కొత్త చీరల రెపరెపలు. ఇన్ని ఉన్నా నాకొక లోటు కనిపిస్తోంది. బోనమెత్తిన ఆడవాళ్ళ నోట పాట తగ్గిపోయింది. స్పీకర్లలో మోగే పాటతో గొంతు కలుపుదామంటే అందులో రాగమే ఉండదు!

డీజే పాటంటే నాకు కోపమేమీ లేదు. నిజాం కొలువుకు వచ్చిన అరబ్బులు, సిద్దీలు తెచ్చిన మర్ఫా వాయిద్యం ఈ బస్తీలోనే పాతుకుపోయింది. తీన్‌మార్ మోగితే ఎవరి కాలు నిలుస్తుంది? ఊగాలి, ఆడాలి. ఆడపిల్లలూ ఆడాలి. నా బాధల్లా ఒకటే. జానపద పాటలోంచి రెండు ముక్కలు కత్తిరించి, వాటినే పదిసార్లు తిప్పి, కింద మోత దట్టించడం. పాడిన గొంతును కంప్యూటర్లో ఇస్త్రీ చేసినట్టు సాపు చేసేయడం. అదేమని అడిగితే, "జనానికి ఊపు గావాలె అక్కా, రాగం ఎవరికి గావాలె?" అంటారు డీజే పిల్లలు.

ఎవరికా? మనకి! బోనాల్లో డప్పు మగవాళ్ళ చేతిలో ఉంటే, రాగం ఆడవాళ్ళ గొంతులో ఉండేది. పాటలోంచి రాగాన్ని తీసేస్తే ఆడవాళ్ళను తీసేసినట్టే కదా? మన పక్క గల్లీల్లో ముస్లిం పెళ్ళిళ్ళలో పాడే ఢోలక్ కే గీత్ కూడా ఇంతే. దక్కనీ ఉర్దూలో వియ్యపురాలిని ఆటపట్టిస్తూ ఆడవాళ్ళే ఢోలక్ వాయిస్తారు, వాళ్ళే పాడతారు. ఆ వరసలు నాలుగైదు స్వరాలు దాటవు. అయినా చరణం చివర గొంతు కాస్త సాగి, కిందికి జారేచోట నవ్వూ వస్తుంది, అప్పగింతల పాటైతే కన్నీళ్ళూ వస్తాయి.

కరెంటు వాయిద్యంతో ఇదంతా కుదరదనేవాళ్ళకు ఒక మాట. 1982లోనే బొంబాయి సినీ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ పది రాగాలను సింథసైజర్ మీద డిస్కో దరువుకు కట్టి రికార్డు చేశారు. ఆయన వాడిన రోలాండ్ టీబీ-303 అనే చిన్న యంత్రంలో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ఏర్పాటుంది. అప్పట్లో ఆ రికార్డును పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలైతే విదేశీ డాన్స్ సంగీతం వాళ్ళే ముక్కున వేలేసుకున్నారు.

అంటే లోపం యంత్రంలో లేదు, వినే చెవిలో ఉంది. ముందు వరస కట్టండి, తర్వాత మోత వేయండి. కీబోర్డు పక్కనుండే పిచ్ బెండ్ చక్రం తిప్పితే స్వరం మెట్లెక్కినట్టు కాకుండా ఊయలలా ఊగుతుంది. ప్రతి స్వరాన్నీ ఒకే బలంతో కొట్టకండి, ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా పలకనివ్వండి. పాడేవాళ్ళు ఊపిరి తీసుకునేచోట ఖాళీ వదలండి. ఒకరు అంటే పదిమంది అందుకునేలా పల్లవి ఉండనివ్వండి. ఇవన్నీ మన అమ్మమ్మలకు ఎవరూ నేర్పకుండానే వచ్చిన విద్యలు.

2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను నిషేధించారు. చెవులకూ గుండెలకూ మంచిదే. కానీ మోత తగ్గినంత మాత్రాన పాట తిరిగి రాదు. పెళ్ళి బరాత్‌ల్లో, పిల్లల సెల్‌ఫోన్లలో ఆ పాటలే కదా! మన పిల్లలకు బోనాల పాటంటే అదే అనుకునే రోజు వచ్చేస్తోంది.

అందుకే చెల్లెళ్ళూ, ఇంట్లో పెద్దావిడ పాడుతుంటే అదే సెల్‌ఫోన్లో రికార్డు చేయండి. వీధిలో డీజే కుర్రాడికి వినిపించి, "ఈ జారుడు పోకుండా కట్టు నాయనా" అని చెప్పండి. కంప్యూటర్ పట్టడం వచ్చిన ఆడపిల్లలైతే ఎవరినీ అడగక్కర్లేదు, మీరే కట్టండి. ఊపు కావాల్సిందే, కాదనను. అందులో మన గొంతూ ఉండాలి.