మాట హోసూరుది... రాత బెజవాడది

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో, ఆఫీసులో ఇంగ్లీషు. సరిహద్దుకు అవతల ఉన్న తెలుగు కుటుంబాల్లో రెండు మూడు తరాలుగా నడుస్తున్న వరస ఇదే. 2011 జనాభా లెక్కల్లో తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు తమిళనాడులో 42 లక్షలు, కర్ణాటకలో 35 లక్షలు, మహారాష్ట్రలో 13 లక్షలు, ఒడిశాలో 6 లక్షలు దాటారు. వీళ్లలో గలగలా మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. కాగితం మీద నాలుగు ముక్కలు రాయమంటే మాత్రం చాలామందికి పెన్ను కదలదు. భాష రాక కాదు, అక్షరాలు నేర్పే బడి దగ్గర్లో లేక. యానాం సంగతి వేరు, అక్కడ బడిలోనూ తెలుగుంది. బాగేపల్లి, కృష్ణగిరి, రాయగడ, సిరోంచ వైపు పిల్లలకు ఆ అదృష్టం అందరికీ లేదు.

అలాంటి ఇళ్లకు ఇప్పుడు కంప్యూటర్ ఒక దారి చూపిస్తోంది. మైకు ముందు మాట్లాడితే తెర మీద తెలుగు అక్షరాలు వచ్చేస్తున్నాయి. ఇంగ్లీషువాళ్లకు ఇది పాత ముచ్చటే. 1997లోనే డ్రాగన్ నాచురల్లీ స్పీకింగ్, ఐబీఎం వారి వయావాయిస్ ఇంటి కంప్యూటర్లలోకి వచ్చాయి. కొన్న మనిషి ముందుగా పేజీలకు పేజీలు చదివి తన గొంతును వాటికి అలవాటు చేయాల్సి వచ్చేది. అందులో తెలుగు ఊసే లేదు. 2017 ఆగస్టులో గూగుల్ తన వాయిస్ టైపింగ్‌లో తెలుగు, కన్నడం, తమిళం, మరాఠీతో సహా ఎనిమిది భారతీయ భాషలను చేర్చింది. అంటే ఇరవై ఏళ్ల ఆలస్యం.

ఇప్పుడు పని సులువే. క్రోమ్ బ్రౌజర్‌లో గూగుల్ డాక్స్ తెరిచి, టూల్స్‌లో వాయిస్ టైపింగ్ నొక్కి, భాషల జాబితాలో తెలుగు ఎంచుకుంటే సరి. నోటికి దగ్గరగా ఉండే హెడ్‌సెట్ మైకు ఉంటే మేలు. ఫ్యాను హోరు, టీవీ మోత దానికి గిట్టవు. చుక్కలూ కామాలూ చేత్తో పెట్టుకోవాలి. చెప్పిన మాట నెట్ మీద కంపెనీ సర్వర్‌కు వెళ్లి అక్షరాలై తిరిగొస్తుంది కాబట్టి బ్యాంకు ఖాతా, ఆధార్ నంబర్ల వంటివి దానికి చెప్పకపోవడమే మంచిది.

దీంతో ఒరిగేది ఉత్తరాలు, శుభలేఖలు ఒక్కటే కాదు. ఎవరైనా సరే తన ఫిర్యాదును కేంద్రంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి ఇచ్చుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది. తాలూకా ఆఫీసులో తెలుగు చదివే గుమాస్తా లేకపోవడం అర్జీదారు తప్పు కాదు. అర్జీ రాసిపెట్టే మనిషి దొరక్కనే ఈ హక్కు చాలా ఊళ్లలో కాగితానికి పరిమితమైంది. ఆ మనిషి పని ఇప్పుడు యంత్రం చేస్తానంటోంది.

చిక్కంతా యంత్రానికి తెలిసిన తెలుగు ఏదన్న దగ్గరే. విన్న శబ్దాన్ని అది ఉన్నదున్నట్టు రాయదు. తనకు వినిపించిన మాటల్లో, చదివించిన వాక్యాల్లో ఏది ఎక్కువ పొసగుతుందో లెక్కగట్టి రాస్తుంది. నెట్‌లో దొరికే తెలుగులో పత్రికల భాషదే పైచేయి. కనుక హోసూరు పక్క పల్లెలో పెద్దావిడ ‘వాన వస్తా ఉండాది’ అంటే దాన్ని ‘ఉంది’గా దిద్దడానికే అది మొగ్గుతుంది. పోనీ, యాస పోయినా అర్థం మిగిలిందని సర్దుకోవచ్చు. పొలం కాగితాల దగ్గర అలా కుదరదు. కోలారు రైతు తెలుగు మాటల మధ్య ‘పహణి’ అంటాడు, కృష్ణగిరి రైతు ‘చిట్టా’ అంటాడు, సిరోంచ రైతు ‘సాత్‌బారా’ అంటాడు. సాత్‌బారా అంటే అంకెలు కాదు, భూమి కాగితం అని బెజవాడ తెలుగు నేర్చిన యంత్రానికి తెలియాలిగా! సర్వే నంబరులో ఒక్క అంకె తారుమారైతే అర్జీ పక్కవాడి పొలం మీదికి పోతుంది. స.వెం.రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ పులికాట్ సరస్సు చుట్టుపక్కల పలుకుబడిని అచ్చులోకి తెచ్చిన పుస్తకం. దాన్ని ఎవరైనా మైకు ముందు రెండు పుటలు చదివి చూస్తే యంత్రం తెలివి ఎంతో బయటపడుతుంది. తాతమ్మల కథలు, మగ్గం పాటలు ఎక్కించుకునే ఇళ్లవాళ్లు అందుకే అచ్చయిన పాఠంతో ఊరుకోకుండా గొంతు రికార్డింగు కూడా దాచుకోవాలి.

తప్పు పడితే దిద్దుకోవచ్చుగా అంటారు కొందరు. దిద్దాలంటే చదవాలి, చదవడం రాకే కదా మైకు పట్టుకున్నది. దీనికి ఇంటి ఉపాయాలు లేకపోలేదు. రాసినదాన్ని కంప్యూటర్ చేతే పైకి చదివించుకుని చెవితో సరిచూసుకోవచ్చు. కన్నడం చదివినవాళ్లకైతే తెలుగు లిపి అన్నదమ్ముల బిడ్డే, వారం పది రోజులు కూర్చుంటే కళ్లు అలవాటు పడతాయి. యూనికోడ్‌లోనూ ఈ రెండు లిపులు ఒకే వరసలో అమరి ఉన్నాయి. అక్షరముఖ వంటి ఉచిత పరికరంలో వేస్తే తెలుగు పాఠం కన్నడ అక్షరాల్లో కనిపిస్తుంది. మరాఠీ, ఒడియా లిపుల్లోకి మార్చుకుంటే కొంచెం తికమక. వాటిలో హ్రస్వమైన ఎ, ఒ లు లేనందున మెడ, మేడ ఒకటైపోతాయి. తమిళం చదివినవాళ్లకు ఈ దారి పెద్దగా పనికిరాదు. అక్కడ క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. వాళ్ల పిల్లలకు తెలుగు అక్షరాలు దగ్గరుండి నేర్పించక తప్పదు.

ఇంటి ఉపాయాలతో తీరని పని మాత్రం ఒకటుంది. సరిహద్దు మాట యంత్రం చెవిన పడాలి. కేంద్రం 2022లో ఆరంభించిన భాషిణి కింద ‘భాషాదాన్’ నడుస్తోంది. అందులో ‘బోలో ఇండియా’లో ఎవరైనా గొంతు ఇవ్వొచ్చు. కానీ తెర మీద కనిపించే తెలుగు వాక్యాన్ని చదివి ఇవ్వాలి. చదవడం రానివాళ్ల గొంతు అక్కడే ఆగిపోతుంది. యంత్రానికి అందరికన్నా ముందు కావాల్సింది ఆ గొంతులే! ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ 2024లో వెలువరించిన ‘ఇండిక్‌వాయిసెస్’ తీరు ఇంతకన్నా మెరుగు. 145 జిల్లాల్లో 16,237 మంది దగ్గర 22 భాషల్లో సేకరించిన 7,348 గంటల మాటల్లో 74 శాతం చూసి చదివినవి కావు, అప్పటికప్పుడు సొంతంగా చెప్పినవి.

సరిహద్దు జిల్లాలకు కావాల్సింది ఈ పద్ధతే. జిల్లాల వారీగా గొంతులు సేకరించే సంస్థలు కృష్ణగిరికి వస్తే తమిళంతోపాటు అక్కడి తెలుగు, బళ్లారికి వస్తే కన్నడంతోపాటు అక్కడి తెలుగు, షోలాపూర్‌కు వస్తే మరాఠీతోపాటు నేతపేటల తెలుగు తీసుకోవాలి. దాన్ని ‘తప్పు తెలుగు’ అని పక్కన పెట్టకుండా పలికింది పలికినట్టు రాయించాలి. ఈ కోరికతో భాషిణికి, ఐఐటీకి లేఖ రాయాల్సింది ఏటా ఉగాదికి హాలు మాట్లాడి సన్మానాలు చేసే తెలుగు సంఘాలే. మాట్లాడడానికి సిద్ధంగా ఉన్న అరవై దాటిన వాళ్ల పేర్లు, ఊళ్లు వాళ్లను అడిగి రాసుకుని లేఖతో జతచేస్తే కాదనడం ఆ సంస్థలకు కష్టం.