జెట్ స్కీ కొన్నారా? ఇంటి పాలసీ ఒకసారి తీసి చూడండి

మే లాంగ్ వీకెండ్ వచ్చిందంటే చాలు, మన గ్రూపుల్లో ఫొటోలన్నీ నీళ్ళ దగ్గరవే. ఈసారి ఒక చెల్లెమ్మ చెస్టర్‌మియర్ లేక్ ఫొటో పెట్టి, కింద అడిగింది: "అక్కా, మావారు సెకండ్ హ్యాండ్ జెట్ స్కీ కొన్నారు. ఇంటి ఇన్సూరెన్స్‌లోనే వచ్చేస్తుంది కదా?"

చాలావరకు రాదమ్మా.

ఆల్బర్టాలో ఇన్సూరెన్స్ లేకుండా కారు రోడ్డెక్కించడం నేరం. పడవకి అలాంటి చట్టం లేదు. అప్పిచ్చిన బ్యాంకో, పడవ కట్టుకునే మరీనావాళ్ళో అడిగితే తప్ప ఎవరూ అడగరు. అందుకే మనవాళ్ళకి ఆ ఊసే రాదు.

ఇంటి పాలసీలో పడవల మాట ఉంటుంది, కాదనను. కెనూ, కయాక్, చిన్న మోటారు పడవ వల్ల ఎవరికైనా నష్టం జరిగితే చాలా పాలసీలు ఆదుకుంటాయి. కానీ మోటారు ఎన్ని హార్స్ పవర్, పడవ ఎంత పొడవు అని హద్దులు పెడతాయి. జెట్ స్కీని మాత్రం సాధారణంగా పేరు పెట్టి మరీ తీసేస్తాయి.

ఇంకోటి, మన వడగళ్ళు. 2020 జూన్ 13న, 2024 ఆగస్టు 5న నార్త్ ఈస్ట్‌లో సైడింగులు ఎలా చిల్లులు పడ్డాయో చూశాం కదా. చాలా ఇంటి పాలసీల్లో మోటారు పడవకి వడగళ్ళ దెబ్బ వర్తించాలంటే, ఆ సమయానికి అది నాలుగు గోడలూ పైకప్పూ ఉన్న చోట ఉండాలి. డ్రైవ్‌వేలో టార్పాలిన్ కప్పి పెడితే చాలదు.

అయినా నా భయం జెట్ స్కీ పాడవుతుందని కాదు. అది పోతే దాని ఖరీదే పోతుంది. ఈతకొట్టే పిల్లాడికి తగిలితే? ఆ దావా మన ఇంటి మీదకి, సేవింగ్స్ మీదకి వస్తుంది. అందుకే విడిగా పడవ పాలసీ తీసుకునేటప్పుడు మొదట లయబిలిటీ ఎన్ని మిలియన్లో చూడండి, ఆ తర్వాతే ప్రీమియం.

ఎవరు నడపొచ్చో కూడా అడగండి. కెనడాలో 16 ఏళ్ళు నిండని పిల్లలు జెట్ స్కీ నడపకూడదు. పెద్దవాళ్ళకైనా ఆపరేటర్ కార్డు ఉండాలి. "ఒక్క రౌండే కదా" అని పదో క్లాసు వాడి చేతికిస్తే, క్లెయిమ్ రోజున అదే అడ్డం తిరుగుతుంది. ఓకనాగన్‌కి తీసుకెళ్తే బీసీలో చెల్లుతుందా, చలికాలంలో ఇంజన్‌లో నీళ్ళు గడ్డకట్టి పగిలితే ఇస్తారా (సాధారణంగా ఇవ్వరు), ఇవీ అడగాలి. ట్రెయిలర్‌కి కట్టి లాక్కెళ్తున్నప్పుడు అవతలివాళ్ళకి జరిగే నష్టం మామూలుగా కారు పాలసీ చూసుకుంటుంది. ట్రెయిలర్ మీదున్న పడవ సంగతి చూసుకోదు.

అన్నిటికన్నా ముఖ్యం, సూపర్ వీసా మీద వచ్చి మనింట్లోనే ఉండే అమ్మానాన్నలు, అత్తమామలు. మీ ఇంట్లో నివసించే కుటుంబ సభ్యులకి తగిలిన దెబ్బలకి లయబిలిటీ వర్తించదని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది. ఆరు నెలలుగా మనింట్లో ఉన్న నాన్నగారు ఆ లెక్కలోకి వస్తారో రారో బ్రోకర్‌ని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. ఫోన్‌లో "పర్లేదండీ" అన్న మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

చెల్లెమ్మ పాలసీ పీడీఎఫ్ పంపింది. ఇద్దరం కూర్చుని చదివాం. మినహాయింపుల పేజీలో జెట్ స్కీ ఉంది. కొత్త కొటేషన్ వచ్చేదాకా అది గరాజ్‌లోనే. మరిదిగారికి నా మీద కాస్త కోపంగానే ఉందట.