జేసీబీ ఒక్క దెబ్బ.. ఇంటర్నెట్ బంద్! మట్టిలో ఉన్న ఫైబర్ కేబుల్ ఎందుకు దొరకడం లేదు?

రోడ్డు పక్కన మంచినీళ్ల పైపు లీకైంది. రిపేరుకు జేసీబీ వచ్చింది. బకెట్ రెండోసారి మట్టిలో దిగేసరికి ఓ ప్లాస్టిక్ గొట్టం తెగి పైకొచ్చింది. అంతే.. చుట్టుపక్కల ఊళ్లలో నెట్ ఆగిపోయింది. కిరాణా కొట్లో ఫోన్‌పే పనిచేయదు. రేషన్ షాపులో వేలిముద్ర మిషన్ తిరుగుతూనే ఉంటుంది. మీసేవ సెంటర్ ముందు జనం నిలబడిపోతారు.

ఇలాంటి సీన్ చూడని ఊరు తెలుగు రాష్ట్రాల్లో అరుదు. తప్పెవరిది అంటే అందరి వేలూ జేసీబీ డ్రైవర్ వైపే చూపిస్తుంది. కానీ అక్కడ కేబుల్ ఉందని ఆయనకు ఎవరు చెప్పారు? అసలు చెప్పడానికి ఎవరి దగ్గరైనా కచ్చితమైన సమాచారం ఉందా? సమస్య మొత్తం ఇక్కడే ఉంది.

ఏటా రూ.3 వేల కోట్ల నష్టం

ఇష్టారాజ్యంగా జరిగే తవ్వకాల వల్ల కేబుళ్ల వంటి భూగర్భ ఆస్తులు దెబ్బతిని దేశానికి ఏటా సుమారు రూ.3 వేల కోట్ల నష్టం వస్తోందని కేంద్రమే చెప్పింది. అంటే రోజుకు 8 కోట్ల పైమాటే. 2023 మార్చి 22న ప్రధాని మోదీ 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్‌ను ప్రారంభించిన సందర్భంలో బయటపెట్టిన లెక్క ఇది. తవ్వే ముందు ఒక్క మాట చెప్పండి.. ఆ యాప్ ఉద్దేశం ఇదే.

కేబుల్ తెగితే పోయేది ఇంట్లో వైఫై ఒక్కటే కాదు. సెల్ టవర్లు కూడా చాలా చోట్ల ఫైబర్ మీదే నడుస్తాయి. టవర్‌కు కరెంటు ఉన్నా, వెనకున్న ఫైబర్ తెగితే అది ఉత్త ఇనుప స్తంభమే. అలాంటప్పుడు అర్ధరాత్రి 108కు ఫోన్ కలవకపోతే.. ఆ నష్టాన్ని రూపాయల్లో లెక్కేయలేం.

ఒక్క కేబుల్ ఎంత పని చేస్తుందో 2011లో ప్రపంచం చూసింది. జార్జియా దేశంలో ఓ 75 ఏళ్ల వృద్ధురాలు రాగి కోసం పారతో మట్టి తవ్వుతూ పొరపాటున ఫైబర్ కేబుల్‌ను నరికేసింది. పక్క దేశం ఆర్మేనియాలో దాదాపు 5 గంటల పాటు ఇంటర్నెట్ లేకుండా పోయింది. ఆమెకు కావాల్సిన రాగి మాత్రం దొరకలేదు. ఎందుకంటే ఫైబర్‌లో ఉండేది గాజు.

గాజే వరం.. గాజే సమస్య

భూమిలో ఉన్న కేబుల్‌ను పైనుంచి పట్టుకునే లొకేటర్ మిషన్లు చాలా కాలంగా ఉన్నాయి. అవి పనిచేసే తీరు సింపుల్. లోహపు తీగలోకి ఒక సిగ్నల్ పంపుతారు. దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. పైన నడుస్తున్న మనిషి చేతిలోని రిసీవర్ దాన్ని పసిగట్టి, కేబుల్ ఏ లైన్‌లో ఉంది, సుమారు ఎంత లోతులో ఉంది అన్నది చెబుతుంది. పాత టెలిఫోన్ రాగి కేబుళ్లను ఇలాగే పట్టుకునేవారు.

ఫైబర్ విషయంలో ఈ పప్పులు ఉడకవు. గాజు పోగులో కరెంటు పారదు, వెలుగు మాత్రమే పారుతుంది. ఆ పోగు మందం మిల్లీమీటర్‌లో ఎనిమిదో వంతు. దాని చుట్టూ ప్లాస్టిక్ తొడుగు, ఆ పైన ప్లాస్టిక్ డక్టు. అందులో ఎక్కడా లోహం లేకపోతే లొకేటర్‌కు అది మట్టితో సమానం.

మరి లోహం ఎందుకు పెట్టలేదు? దానికీ కారణం ఉంది. పిడుగు పడినప్పుడు, హైటెన్షన్ లైన్ల పక్కన వెళ్లేటప్పుడు లోహం ఉన్న కేబుల్‌లోకి కరెంటు చొరబడే ప్రమాదం ఉంటుంది. అది చివర్లోని పరికరాల దాకా వెళ్తుంది. అందుకే పూర్తిగా లోహం లేని కేబుల్‌ను చాలామంది ఇష్టపడతారు. ఉక్కు కవచం ఉన్న ఆర్మర్డ్ కేబుల్ అయితే లొకేటర్‌కు దొరుకుతుంది. కానీ బరువెక్కువ, ఖర్చెక్కువ, పైగా దానికి సరిగ్గా ఎర్తింగ్ చేయాలి.

తెగితే దొరుకుతుంది.. తెగకముందు దొరకదు!

ఇక్కడో విచిత్రం ఉంది. కేబుల్ తెగాక ఎక్కడ తెగిందో కనిపెట్టే టెక్నాలజీ పక్కాగా ఉంది. ఓటీడీఆర్ అనే పరికరంతో ఎక్స్ఛేంజ్ నుంచి ఫైబర్‌లోకి చిన్న వెలుగు పల్స్ పంపుతారు. తెగిన చోట నుంచి కొంత వెలుగు వెనక్కి వస్తుంది. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. వెళ్లి రావడానికి పట్టిన టైమ్‌ను బట్టి దూరం లెక్కేస్తారు. 100 మైక్రో సెకన్లు పట్టిందంటే తెగింది 10 కిలోమీటర్ల దగ్గర అన్నమాట.

అయితే ఆ 10 కిలోమీటర్లు కేబుల్ పొడవు.. రోడ్డు పొడవు కాదు. జాయింట్ల దగ్గర, గుంతల్లో రిపేర్ల కోసం కేబుల్‌ను చుట్టలు చుట్టి వదులుతారు. ఆ లెక్క రికార్డుల్లో సరిగ్గా లేకపోతే సిబ్బంది అసలు చోటు వదిలేసి మరోచోట తవ్వుతారు. అదే లైన్‌లో వేరే కంపెనీ కేబుల్ ఉంటే ఒకటి బాగుచేయబోయి రెండోది తెంపే ప్రమాదమూ ఉంది.

జేసీబీ కొట్టిన చోటైతే గుంత ఎదురుగానే కనిపిస్తుంది. చిక్కంతా ముందు పనిలోనే. ఆ గుంత తీయకముందే కింద ఏముందో ఎలా తెలియాలి?

దారులు ఉన్నాయి.. ఖర్చూ తక్కువే

ఇందుకు మార్గాలు లేక కాదు. చాలావరకు కేబుల్ వేసే రోజే చేయాల్సిన పనులు.

మొదటిది ట్రేసర్ వైర్. ప్లాస్టిక్ డక్టుతో పాటే ఒక సన్నని రాగి తీగనో, రాగి పూత ఉన్న ఉక్కు తీగనో కూడా మట్టిలో వేస్తారు. కేబుల్‌లో లోహం లేకపోయినా, పక్కనున్న తీగ లొకేటర్‌కు దొరుకుతుంది. డక్టు గోడలోనే తీగను ఇమిడ్చి తయారుచేసేవీ ఉన్నాయి. కాకపోతే ఈ తీగ మధ్యలో తెగినా, జాయింట్ల దగ్గర తుప్పు పట్టినా సిగ్నల్ అక్కడితో ఆగిపోతుంది. సిగ్నల్ ఇవ్వడానికి అక్కడక్కడా పైన టెస్ట్ పాయింట్లు ఉంచాలి.

రెండోది వార్నింగ్ టేప్. కేబుల్‌కు కొంచెం పైన, మట్టి పూడ్చేటప్పుడు రంగు టేపు పరుస్తారు. తవ్వేవాడికి ముందు టేపు కనిపిస్తుంది, ఆగుతాడు. లోహపు పొర ఉన్న టేపైతే లొకేటర్‌కూ దొరికే వీలుంటుంది. కానీ జేసీబీ బకెట్ ఒక్క ఊపులో టేపునీ కేబుల్‌నీ కలిపి లేపేస్తే లాభం లేదు. మనిషి పారతో తవ్వినప్పుడే దీని ఉపయోగం ఎక్కువ.

మూడోది ఎలక్ట్రానిక్ మార్కర్. చూడటానికి ప్లాస్టిక్ బంతిలా ఉంటుంది. బ్యాటరీ ఉండదు. లోపల ఒక తీగ చుట్ట ఉంటుంది. పైనుంచి లొకేటర్ పంపిన సిగ్నల్‌కు అది బదులిస్తుంది. టెలికాం మార్కర్లు నారింజ రంగులో, 101.4 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. నీటి పైపులకు నీలం, కరెంటుకు ఎరుపు, గ్యాస్‌కు పసుపు.. ఒక్కోదానికి ఒక్కో ఫ్రీక్వెన్సీ. కాబట్టి కింద ఉన్నది ఏదో కూడా తెలిసిపోతుంది. జాయింట్లు, మలుపులు, రోడ్డు దాటే చోట్ల వీటిని పెడితే సరిపోతుంది. కానీ మరీ లోతుగా పెడితే పైకి దొరకవు. రెండు మార్కర్ల మధ్య కేబుల్ తిన్నగా వెళ్లిందా, వంకర తిరిగిందా అన్నది ఇవి చెప్పవు.

నాలుగోది గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్. చేతిబండిలా నేలపై తోసుకుంటూ వెళ్తే మట్టిలోకి రేడియో తరంగాలు పంపి కింద ఏముందో చూపిస్తుంది. లోహం అవసరం లేదు. పొడి ఇసుక నేలల్లో బాగా పనిచేస్తుంది. తడి బంకమట్టిలో మాత్రం తరంగాలు త్వరగా బలహీనపడతాయి. గుంటూరు, ప్రకాశం వంటి జిల్లాల నల్లరేగడిలో వానాకాలం సన్నని ప్లాస్టిక్ డక్టును దీంతో పట్టుకోవడం కష్టం.

ఇన్ని ఉన్నా అన్నిటికంటే చవకైనది రికార్డు. కందకం తెరిచి ఉన్నప్పుడే జీపీఎస్‌తో లొకేషన్, లోతు, ఫొటో తీసి మ్యాప్‌లో ఎక్కిస్తే చాలు. పూడ్చాక వెతకడానికి పట్టే ఖర్చుతో పోలిస్తే ఇది లెక్కలోకే రాదు. భూగర్భ లైన్ ఖర్చులో పెద్ద వాటా తవ్వకానిదే. అంత ఖర్చు పెట్టి తవ్వి, తీగకూ టేపుకూ మ్యాప్‌కూ వెనకాడటమే అసలు లోపం.

తెలంగాణలో ఒక దారి.. ఏపీలో మరో దారి

తెలంగాణలో టీ-ఫైబర్ కోసం మిషన్ భగీరథ పైపులైన్లకు తవ్విన కందకాలనే వాడుకున్నారు. విడిగా తవ్వే ఖర్చు తప్పింది. కానీ దీనికి ఇంకో కోణం ఉంది. నీళ్ల పైపు లీకైన ప్రతిసారీ తవ్వేది ఫైబర్ పక్కనే. అక్కడ డక్టు ఏ వైపు, ఎంత దూరంలో ఉందో నీళ్ల సిబ్బందికి తెలిస్తేనే లాభం. రెండు శాఖల మ్యాపులు ఒకచోట లేకపోతే ఆదా చేసిన డబ్బు రిపేర్లకే పోతుంది.

ఏపీ ఫైబర్‌నెట్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగింది. పని త్వరగా అయ్యింది. కేబుల్ కళ్లముందే ఉంటుంది కాబట్టి వెతికే బాధ లేదు. కానీ తుపాను వస్తే స్తంభంతో పాటే కేబుల్ కూడా నేల మీదకు వస్తుంది. కోస్తా జిల్లాలకు ఇది చిన్న విషయం కాదు.

హైదరాబాద్‌లో స్తంభాలపై వేలాడే కేబుళ్ల మీద 2025లో పెద్ద చర్చే నడిచింది. రామంతపూర్‌లో శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాక వాటిని తీసేయాలన్న ఒత్తిడి పెరిగింది. ప్రాణాల కోణంలో అది సరైన డిమాండే. అయితే పైనున్న చిక్కుముడిని అలాగే కిందకు దించి మట్టి కప్పేస్తే, కనిపించే సమస్య కనిపించని సమస్యగా మారుతుందంతే.

యాప్ ఉంది.. మరి పనవుతోందా?

కేంద్రం రూల్స్ కూడా తెచ్చింది. ఇండియన్ టెలిగ్రాఫ్ మౌలిక సదుపాయాల భద్రతా నిబంధనలు 2023 జనవరిలో నోటిఫై అయ్యాయి. తవ్వే ముందు కామన్ పోర్టల్‌లో నోటీసు ఇవ్వాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు తవ్వుతున్నారో చెప్పాలి. అక్కడ తమ లైన్ ఉంటే టెలికాం సంస్థ ఆ వివరాలు, తీసుకోవాల్సిన జాగ్రత్తలు చెప్పాలి. డ్యామేజీ చేస్తే పరిహారం కట్టాలి.

'కాల్ బిఫోర్ యూ డిగ్' పనిచేసేది ఇలాగే. తవ్వే చోటు నమోదు చేస్తే అక్కడ ఆస్తులున్న సంస్థలకు ఎస్‌ఎంఎస్, ఈమెయిల్ వెళ్తాయి. నేరుగా ఫోన్ చేసి మాట్లాడుకోవచ్చు. కాగితం మీద బాగుంది. అయితే ఇది నడవాలంటే మూడు జరగాలి. సంస్థలు తమ లైన్లను సరైన కొలతలతో పోర్టల్‌లో పెట్టాలి. తవ్వేవాళ్లు నోటీసు ఇవ్వాలి. మెసేజ్ వచ్చాక సంస్థ మనిషి టైమ్‌కు స్పాట్‌కు రావాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా యాప్ ఫోన్‌లో ఉంటుంది.. కేబుల్ బకెట్‌లో ఉంటుంది.

కంపెనీలు రూట్ మ్యాపులు బయటపెట్టడానికి జంకుతాయి. పోటీదారుల చేతిలో పడతాయన్న అనుమానం, దొంగల భయం, భద్రత.. కారణాలు ఉన్నాయి. బ్రిటన్ దీనికో మధ్యేమార్గం వెతికింది. అక్కడ ఏటా సుమారు 60 వేల సార్లు భూగర్భ లైన్లకు దెబ్బ తగులుతోందని, నష్టం 240 కోట్ల పౌండ్లని ప్రభుత్వ అంచనా. అందుకే పైపులు, కేబుళ్లన్నిటినీ ఒకే డిజిటల్ మ్యాప్‌లోకి తెచ్చే పని మొదలుపెట్టింది. అనుమతి ఉన్నవాళ్లకే అది కనిపిస్తుంది.

అమెరికాది ఇంకా తేలికైన పద్ధతి. 2007 నుంచి దేశమంతా 811 నంబర్. ఇంటి ముందు చెట్టు నాటాలన్నా ముందు ఫోన్ చేయాలి. సంస్థల మనుషులు వచ్చి నేల మీద రంగు గీతలు గీస్తారు. టెలికాం లైన్‌కు నారింజ. ఫోన్ చేసినవాళ్లు పైసా కట్టక్కర్లేదు. జనం గుర్తుపెట్టుకునే మూడంకెల నంబర్ ఉండటం అక్కడ కలిసొచ్చింది. మన దగ్గర యాప్ ఉందన్న సంగతే చాలామంది జేసీబీ ఓనర్లకు చేరాల్సి ఉంది.

మీ ఇంటి దగ్గర తవ్వుతున్నారా?

బోరు వేయిస్తున్నా, ప్రహరీకి పునాది తీస్తున్నా ముందు పోర్టల్‌లో చూసుకోండి. చుట్టుపక్కల కేబుల్ రూట్ రాళ్లు, గుంతల మూతలు ఉన్నాయేమో గమనించండి. అనుమానం ఉంటే మొదట గడ్డపార, పారతో చిన్న గుంత తీసి చూసి, ఆ తర్వాతే మిషన్ దించండి. కేబుల్ తెగితే మట్టి కప్పేసి వెళ్లిపోవద్దు, వెంటనే చెప్పండి. తెగిన ఫైబర్ కొనలోకి కళ్లు పెట్టి చూడొద్దు. అందులోంచి వచ్చే లేజర్ వెలుగు కంటికి కనిపించదు, కానీ హాని చేయగలదు. పక్కనే కరెంటు కేబుల్ కూడా ఉండొచ్చు. అది తెగితే పోయేది నెట్ కాదు, ప్రాణం.

ఇప్పుడు కాకపోతే..

భారత్‌నెట్ విస్తరణకు కేంద్రం 2023 ఆగస్టులో రూ.1,39,579 కోట్లకు ఆమోదం తెలిపింది. ఊళ్లను రింగులా కలిపే డిజైన్ ఇందులో ఉంది. ఒకవైపు తెగినా మరోవైపు నుంచి నెట్ వచ్చేలా. మంచిదే. కానీ రెండు వైపులూ ఎక్కడున్నాయో తెలియకపోతే రెండూ తెగే రోజు వస్తుంది.

ఇప్పటికే పూడ్చేసిన లైన్లను వెతికి మ్యాప్ చేయడానికి ఏళ్లు పడుతుంది. ఇకపై వేసేవాటికి మాత్రం సాకు లేదు. పక్కన ట్రేసర్ వైర్ ఉందా, మలుపుల్లో మార్కర్ ఉందా, జీపీఎస్ కొలతలు పోర్టల్‌లో ఎక్కాయా.. ఈ మూడూ చూశాకే కాంట్రాక్టర్‌కు ఫైనల్ బిల్లు ఇస్తామని టెండర్‌లో ఒక్క షరతు పెడితే చాలు. లేదంటే ప్రతిసారీ నింద జేసీబీ డ్రైవర్‌కు, నెట్ లేని కష్టం ఊరికి.. ఇలాగే నడుస్తుంది.